పచ్చి కలపకి నెల కంతు: మా పందిరి మంచాల పని

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో మా వడ్రంగం బృందం చేసిన ప్రసంగం)



పోయిన సంవత్సరం ఇదే హాలులో మేం మాట్లాడితే మీరంతా చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు ఉలి పట్టారు, పందిరి మంచం చేశారు అని వార్షిక నివేదికలో ఫొటో కూడా వేశారు. ఈ సంవత్సరం నివేదికలో కూడా మా పేరుంది. కాకపోతే కంతు బకాయిల పట్టికలో ఉంది. నాలుగు కంతులు. ఆ పేజీ చూసి కొందరు అక్కలు ఇందాక టీ దగ్గర అడగలేక అడిగారు, "ఏమైందే, మంచాలు అమ్ముడుపోలేదా?" అని. అమ్ముడుపోయాయి. ఒకటి వెనక్కి వచ్చింది. అది ఎందుకొచ్చిందో చెప్తే నాలుగు కంతుల సంగతి కూడా అందులోనే తేలిపోతుంది. అందుకే అధ్యక్షురాలు గారిని అడిగి ఈ కాసేపు సమయం తీసుకున్నాం.

మా ఆరుగురం మూడు సంఘాల వాళ్ళం. మాకు పని నేర్పింది మా ఊరి మేస్త్రీ బాబాయి. ఆయన కొడుకులిద్దరూ హైదరాబాదులో ఫ్లాట్లకి అలమార్లు బిగించే పనికి వెళ్ళిపోతే, పనిముట్లు గోనెసంచిలో కట్టి అటక మీద పడేశారు. మేం వెళ్ళి అడిగితే మొదట నవ్వారు. తర్వాత, "నేర్పుతానమ్మా, మూడు నెలలు ఉలి సానపట్టడమే నేర్పుతాను, ఓపికుంటే రండి" అన్నారు. మూడు నెలలు కాదు గానీ ఒకటిన్నర నెల మాత్రం సానరాయి దగ్గరే గడిచింది.

మొదట పీటలు, తర్వాత స్టూళ్ళు, ఆ తర్వాత పందిరి మంచం. అంత పెద్ద పని ఎందుకు ఎత్తుకున్నారని చాలామంది అడిగారు. మా వైపు ఆడపిల్లకి సారెతో మంచం పంపుతారు. ఇప్పుడు టౌనులో కొనే మంచాలు చాలావరకు పొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలకలవి. పైన కాగితం మెరుస్తూ ఉంటుంది. రెండు వానాకాలాలు పోతే మరలు పట్టిన చోట పొట్టు రాలిపోతుంది. గట్టి కలపతో, విప్పి బిగించుకునేలా చేసిన పందిరి మంచం ఇస్తే కొనేవాళ్ళు ఉన్నారని మాకు తెలుసు. పందిరి షోకు కోసం కూడా కాదు. దోమతెర కట్టుకోడానికి నాలుగు మూలలా నిలకడగా కొయ్య ఉంటుంది. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని 1897లో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికిందరాబాదులోనే. ఆయన కనిపెట్టక ముందు నుంచే మన పెద్దిళ్ళలో పందిరి మంచాలకి తెరలున్నాయి, అది వేరే సంగతి.

ఇక వెనక్కి వచ్చిన మంచం. అది శ్రావణంలో పెళ్ళికి ఇచ్చిన మంచం. మాఘం వెళ్ళేసరికి పెళ్ళికూతురు తల్లి మా షెడ్డుకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. మంచం కిర్రుమంటోందట. కదిలితే చాలు, ఇల్లంతా వినపడుతోందట. నవ్వకండి. ఆ పిల్ల అత్తారింట్లో తలెత్తుకోలేక రెండు నెలలుగా కింద చాప వేసుకుని పడుకుంటోంది. ఆ మాట విన్నాక మాలో ఎవరికీ ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు ట్రాక్టరు మాట్లాడుకుని వెళ్ళి మంచం తెచ్చేశాం. తీసుకున్న డబ్బులో సగం వెనక్కిచ్చి, మిగతా సగానికి మంచం బాగుచేసి ఇస్తామని మాట ఇచ్చాం. మొదటి కంతు తప్పింది ఆ నెలలోనే.

షెడ్డులో విప్పి చూశాం. పట్టె చివర కుసి, కోడులో బెజ్జం ఉంటాయి కదా. కట్టిన రోజున సుత్తితో కొడితే గానీ దిగని కుసి ఇప్పుడు చేత్తో లాగితే వచ్చేసింది. ఆరంగుళాల వెడల్పున్న పట్టె ఒక సూతు పైనే కుంచించుకుంది. (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మేస్త్రీలంతా అలాగే లెక్కపెడతారు.) పొడవు మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. వదులు కనిపించి, బిగుస్తుందని ఇంట్లోవాళ్ళు ఎవరో రెండు మేకులు కొట్టారు. ఆ మేకుల దగ్గర కోడు పగిలింది.

మేస్త్రీ బాబాయి ఆ పట్టెని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి ఒకటే మాట అన్నారు. "ఇది పచ్చి కర్రమ్మా. నేను ఊళ్ళో లేనప్పుడు కోశారా?"

అవును. ఆయన కూతురింటికి వెళ్ళిన నెలలో మేమే డిపో నుంచి తెచ్చి కోసేశాం. చేత్తో తడిమితే ఎండినట్టే ఉంది మరి. అక్కడే పొరపాటు. కొట్టిన చెట్టులో నీళ్ళు రెండు రకాలుగా ఉంటాయట. చెక్కలోని సన్నటి గొట్టాల్లో నిలిచిన నీళ్ళు ముందు పోతాయి. బరువు తగ్గుతుంది, చేతికి పొడిగా తగులుతుంది, కానీ చెక్క కొలత మారదు. తేమ ఇంచుమించు 30 శాతానికి దిగాక, గొట్టాల గోడల్లో ఇంకిన నీళ్ళు పోవడం మొదలవుతుంది. చెక్క కుంచించుకునేది అప్పుడే. అంటే చేతికి ఎండిందనిపించే రోజుకి కుంచించుకోవడం ఇంకా మొదలే కాలేదన్నమాట. ఇంట్లో వాడే సామానుకి 12 శాతం దగ్గరికి రావాలి. ఆ మధ్యలో ఉన్న తేడా అంతా ఆ కొత్త కోడలి పక్క కింద కిర్రుమంది.

చెక్క అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. నార వెంబడి, అంటే పొడవునా, దాదాపు లేనట్టే. అడ్డంగా ఎక్కువ. అడ్డంలోనూ మొద్దు మీద కనిపించే గుండ్రటి వలయాల వెంబడి కుంచించుకునేది, వలయాలకి అడ్డంగా లోపలి నుంచి బయటికి కుంచించుకునే దానికి సుమారు రెండింతలు. పలక వంకర తిరిగేది అందుకే. ఈ మూడు ముక్కలూ తెలిస్తే వడ్రంగంలో సగం తెలిసినట్టేనని ఇప్పుడు మాకు అనిపిస్తోంది.

ఎండని కలప ఎందుకు కోశామో కూడా దాచకుండా చెప్పాలి. అప్పు తీసుకున్న మరుసటి నెల నుంచే కంతు మొదలైంది. గేదెని కొన్న అక్క మర్నాటి నుంచి పాలు పోస్తుంది. కిరాణా కొట్టు పెట్టిన చెల్లి ఆ సాయంత్రానికే గల్లాపెట్టె తీస్తుంది. మేం అప్పు పెట్టి కొన్నది కలప. అంగుళం మందం పలక నీడలో గాలికి ఎండాలంటే ఏడాది అని పాత లెక్క. మన ఎండలకి కాస్త ముందే ఎండుతుంది గానీ, ఎంత తొందరైనా నెలల మాట. ఆ నెలలన్నీ కంతు కడుతూనే ఉండాలి. పెళ్ళివాళ్ళు అడ్వాన్సు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు, కంతు తేదీ దగ్గర పడింది, కలప చేతికి పొడిగా తగిలింది. కోసేశాం. తప్పు మాదే. కాకపోతే ఆ తప్పు ఎక్కడ పుట్టిందో మీకు తెలియాలి. ఈ సంగతికి మళ్ళీ చివర్లో వస్తాం.

ఇప్పుడు ఎలా చేస్తున్నామో చెప్తాం. మీలో ఎవరైనా ఈ పనిలోకి రావాలనుకుంటే పనికొస్తుంది. రాకపోయినా, రేపు మీ అమ్మాయికి మంచం కొనేటప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

కలప టేకే కానక్కర్లేదు. టేకు తక్కువ కుంచించుకుంటుంది, చెద అంత తేలిగ్గా పట్టదు, అందుకే దాని ధర దానిది. వేప, మద్ది, పనస కూడా బాగుంటాయి. ఏ చెట్టైనా చేవ ఉన్న భాగమే కోళ్ళకీ పట్టెలకీ వాడాలి. బెరడు కింద ఉండే తెల్లటి భాగాన్ని పుచ్చుపురుగు ముందు పడుతుంది. అది టేకులోనైనా అంతే. ఏటికొప్పాక బొమ్మల కర్రతో కోళ్ళు తిప్పించకూడదా అని ఒక చెల్లి అడిగింది. అది అంకుడు కర్ర. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి బొమ్మలకి, లక్క రంగులకి బాగా కుదురుతుంది. ఇద్దరు మనుషుల బరువు మోసే కోడుకి చాలదు. ఇంకో మాట. మన దొడ్లో చెట్టే కదా అని కొట్టేయకండి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. డిపోలో కొంటే బిల్లు అడిగి తీసుకోండి. కలప బండి ఎక్కి రోడ్డు మీదకి వచ్చిన రోజున ఆ కాగితమే మనల్ని కాపాడుతుంది.

పలకలు తెచ్చాక చేసే మొదటి పని చివర్లకి పాత పెయింటు పూయడం. తేమ చివర్ల నుంచి చాలా తొందరగా పోతుంది, పూయకపోతే అక్కడ నెర్రెలు పడతాయి. తర్వాత నేల మీద ఇటుకలు పేర్చి, జానెడు ఎత్తున పలకలు పరిచి, వరసకీ వరసకీ మధ్య అంగుళం కర్రలు అడ్డంగా పెడతాం. కర్రలన్నీ ఒకదాని మీద ఒకటి నిలువునా ఒకే వరసలో రావాలి. ఒకటి పక్కకి జరిగితే అక్కడ పలక కుంగి అలాగే ఎండిపోతుంది. పైన బరువు పెడతాం. వాన తగలకూడదు, గాలి ఆడాలి, ఎండ నేరుగా పడకూడదు. ఒక పలక మీద తేదీ రాసి, పదిహేను రోజులకోసారి కిరాణా కొట్టు కాటా మీద తూస్తాం. బరువు తగ్గుతూ తగ్గుతూ ఒక చోట ఆగిపోతుంది. రెండు మూడు సార్లు తూసినా అదే బరువు వచ్చిందంటే మన ఊరి గాలితో ఆ చెక్క సమాధానపడింది. అప్పటిదాకా రంపం ముట్టుకోం. ఆ నోటు పుస్తకం ఇవాళ తెచ్చాం, చూడాలనుకున్నవాళ్ళు చూడొచ్చు.

కోళ్ళు మూడంగుళాల చదరం. అంత మందం కొయ్య లోపలిదాకా ఎండడం చాలా ఆలస్యం. అందుకని ఒకటిన్నర అంగుళాల పలకలు ఎండబెట్టి, రెండేసి అతికి మూడంగుళాలు చేస్తున్నాం. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికే ముఖాన్ని ముందు థిన్నరు గుడ్డతో తుడిచి అప్పుడు ఫెవికాల్ రాయాలి. తుడవకుండా అతికిన మొదటి కోడు లేతు మీద విడిపోయింది. దేవుడి దయ, ఎవరికీ తగల్లేదు.

కోడు పొడవు ఏడడుగులు. అంత పొడవు తిప్పే లేతు మా దగ్గర లేదు, టౌనులోనూ తక్కువ. పాత మేస్త్రీల ఉపాయమే చేస్తాం. పట్టెలు కూర్చునే కింది భాగం ఒక ముక్క, పందిరిని మోసే పైభాగం ఇంకో ముక్క. పై ముక్క అడుగున గుండ్రటి కుసి తీసి కింది ముక్క నెత్తిన బెజ్జంలో దింపుతాం. అతుకు దగ్గర గాజులా ఒక ఉబ్బు తిప్పితే అక్కడ రెండు ముక్కలున్నాయని ఎవరికీ తెలియదు. అటక కింద నుంచి, మెట్ల మలుపులో తీసుకెళ్ళడానికీ అదే సుఖం. పట్టె కూర్చునే చోటు మాత్రం చదరంగానే ఉంచాలి. బెజ్జాలు కూడా కొయ్య చదరంగా ఉన్నప్పుడే తొలిచేసుకుని తర్వాత తిప్పించాలి. గుండ్రంగా తిప్పాక మూలమట్టం ఆనించడానికి చోటు ఉండదు.

ఇక కుసి, బెజ్జం. మంచం బలమంతా అక్కడే ఉంది. నగిషీ చూసి కొనేవాళ్ళకి ఇది కనపడదు.

మంచానికి రెండు రకాల అతుకులు కావాలి. తల వైపు, కాళ్ళ వైపు ఉండే అడ్డపట్టెలు కోళ్ళతో ఒకసారి కలిస్తే మళ్ళీ విడిపోనక్కర్లేదు. పొడుగు పట్టెలు మాత్రం విప్పడానికి రావాలి. లేకపోతే మంచం మూడడుగుల గుమ్మం దాటదు. అడ్డపట్టె ఒకటిన్నర అంగుళాల మందం. కుసి మందం అందులో మూడో వంతు, అంటే అరంగుళం. అంతకన్నా లావు చేస్తే కోడు బలహీనపడుతుంది, సన్నం చేస్తే కుసే విరుగుతుంది. పొడవు రెండంగుళాలు, మూడంగుళాల కోడులో అవతలికి అంగుళం గోడ మిగలాలి. గీతలు పెన్సిలుతో కాదు, కత్తి మొనతో గీస్తాం. పెన్సిలు గీతకి లావుంటుంది, ఆ లావులోనే వదులు దాక్కుంటుంది. రంపం గీతకి బయటి వైపు, పారేసే ముక్క వైపు నడవాలి. ఉలి నారకి అడ్డంగా కొట్టి, తర్వాత నార వెంట తీయాలి.

దిగిన కుసి మళ్ళీ రాకుండా చెక్క చీల వేస్తాం. ఇందులో ఒక కిటుకుంది. కోడులో చీల బెజ్జం ముందు వేసుకుని, కుసిని దింపి బెజ్జం గుర్తు పెట్టుకుని, బయటికి తీసి, ఆ గుర్తుకి అర సూతు లోపలగా, పట్టె భుజం వైపు, కుసికి బెజ్జం వేయాలి. అప్పుడు చీల కొడుతుంటే అది కుసిని లోపలికి లాక్కుంటుంది. భుజం కోడుకి అతుక్కుపోతుంది. జిగురు లేకపోయినా నిలుస్తుంది. మా మేస్త్రీ బాబాయి వాళ్ళ నాన్న గారు చేసిన మంచాలకి జిగురు లేదట. అలాంటి మంచం ఒకటి ఆయన ఇంట్లో ఇప్పటికీ ఉంది, మేం దాని మీద కూర్చునే కాఫీ తాగుతాం.

పొడుగు పట్టెకి మాత్రం కుసి ముప్పావు అంగుళమే. అది పట్టె మెలితిరగకుండా ఆపడానికి. పట్టుకునే పని బోల్టుది. మూడు సూతుల లావు, ఆరంగుళాల పొడవు బోల్టు కోడు బయటి నుంచి దూరి పట్టె చివర్లోకి పోతుంది. పట్టె లోపలి ముఖాన, చివర నుంచి మూడంగుళాల దగ్గర చిన్న గూడు తొలిచి నట్టుని అందులో కూర్చోబెడతాం. పానాతో బయటి నుంచి తిప్పితే చాలు. ఆ బోల్టు కోడు మధ్యలో అడ్డపట్టె కుసిని కూడా పొడుచుకుంటూ పోతుంది. అందుకని అడ్డపట్టె బిగించాకే బోల్టు బెజ్జం వేయాలి. రెండు అతుకులకీ ఒకే తాళం పడినట్టు. బయట బోల్టు తల కనపడకుండా ఇత్తడి పువ్వో, చెక్క బిళ్ళో వేస్తాం. ఇంకో సుఖం ఏమిటంటే, పదేళ్ళకి కలప కాస్త కదిలినా పానా పట్టి అర చుట్టు తిప్పితే బిగుస్తుంది. మేకు కొట్టక్కర్లేదు.

నాలుగు కోళ్ళూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకేలా ఉండవు. ఏ కుసి ఏ బెజ్జానికి చేశామో దానికే సరిపోతుంది. అందుకని జతకి జత లోపలి వైపు ఉలితో ఒక గాటు, రెండు గాట్లు, మూడు, నాలుగు పెడతాం. మీ ఇంట్లో పాత మంచం ఉంటే కింద తడిమి చూడండి, ఆ గాట్లు దొరుకుతాయి.

కొలతల్లో మేం చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. రెండో మంచానికి పరుపు 60 అంగుళాల వెడల్పు అన్నారు కదా అని పట్టెకీ పట్టెకీ మధ్య సరిగ్గా 60 పెట్టాం. పట్టెలు కోడుకి నడిమధ్యన కూర్చుంటాయి, కోడు లోపలికి రెండు వైపులా ముప్పావు అంగుళం పొడుచుకుని ఉంటుంది. కోడుకీ కోడుకీ మధ్య 58న్నరే మిగిలింది. పరుపు నాలుగు మూలలా తన్నుకుని నిలబడింది. అడ్డపట్టెలన్నీ మళ్ళీ చేశాం. ఇప్పుడు కొలత కోడు నుంచి కోడుకే. 60 బై 78 పరుపుకి 60న్నర బై 78న్నర. అప్పుడు పట్టె పక్కన పరుపుకి అంగుళం సందు వస్తుంది, దుప్పటి దోపడానికి వేళ్ళు పడతాయి. బిగించాక మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పట్టాలి. ఈ కొలతలకి 99 అంగుళాల మీద ఒక సూతు రావాలి, రెండూ సమానంగా రావాలి. సమానంగా రాకపోతే చట్రం ఒక పక్కకి వాలిందని. అప్పుడు పందిరి కూర్చోదు.

పందిరి చట్రం తేలికే. రెండంగుళాల పట్టీలు నాలుగు, మూలల్లో సగం సగం కోసి ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టడం. కోళ్ళ నెత్తిన చిన్న ఇనప చువ్వ, చట్రం మూలన బెజ్జం, పైనుంచి దింపితే సరి. పైన చెక్క కప్పు వేయమని కొందరు అడుగుతారు. ఫ్యాను గాలి రాదమ్మా అని చెప్తే మానుకుంటారు. తెర వరకే పందిరి. పరుపు కింద అడ్డపలకలు, మధ్యలో ఒక దూలం, దానికి నేల దాకా ఒక కాలు. అయిదడుగుల వెడల్పుకి ఆ కాలు తప్పనిసరి. మొత్తం మీద ఒక మంచానికి కోసిన కలప సుమారు 8 ఘనపుటడుగులు పడుతోంది, తరుగుతో కలిపి. ఎవరైనా మీకు 15 లెక్క వేస్తే అడగండి.

పైపూత లక్క పాలిష్. లక్క బిళ్ళలు స్పిరిట్‌లో నానేసి గుడ్డతో రుద్దుతాం. కొందరు అవిసె నూనె అడుగుతారు. ఆ నూనె గుడ్డల్ని ఉండగా చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయాలి. ఇంకా, లేతు దగ్గరికి కొంగుతో, వదులు జడతో ఎవరినీ రానివ్వం. చీర మీద పొడుగు చేతుల చొక్కా కాదు, చేతులు బిగువుగా ఉన్న చొక్కా. గాజులు తీసి డబ్బాలో పెట్టి వస్తాం. మొదట్లో దీనికి ఇళ్ళలో గొడవలయ్యాయి. ఇప్పుడు ఆ డబ్బా షెడ్డు గుమ్మం పక్కనే ఉంటుంది.

పనిముట్ల గురించి ఒక మాట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వడ్రంగం అందులో ఒకటి. శిక్షణతో పాటు పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఇస్తారు. కుటుంబానికి ఒక్కరికే. వడ్రంగం పని చేతులతో చేస్తుండాలి, కులంతో పని లేదు, ఆడా మగా తేడా లేదు. మాలో ఇద్దరు నమోదు చేసుకున్నారు.

వెనక్కి తెచ్చిన మంచం ఏమైందో చెప్పలేదు కదూ. దాన్ని పారేయలేదు. విప్పిన పట్టెల్ని కర్రల మధ్య పేర్చి ఎండాకాలమంతా ఉంచాం. తూకం ఆగాక కుసులకి రెండు వైపులా పలచని టేకు పేళ్ళు అతికి, మళ్ళీ చిత్రిక పట్టి, బెజ్జానికి బిగువుగా సరిచేశాం. పగిలిన కోడు మాత్రం కొత్తది వేశాం. పొడుగు పట్టెలకి మేకులు పీకేసి బోల్టులు పెట్టాం. మళ్ళీ శ్రావణంలోనే తీసుకెళ్ళి బిగించాం. ఆ పిల్ల అత్తగారే మంచం మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూసింది. ఏమీ అనలేదు. లోపలికెళ్ళి మా ఆరుగురికీ మజ్జిగ తెచ్చింది. పోయిన నెలలో వాళ్ళ చిన్నమ్మాయికి కూడా మంచం కావాలని కబురు పంపింది. ఎండిన కలప అయిపోయింది, వైశాఖం దాకా ఆగాలని చెప్పాం. ఆగుతానంది.

ఇప్పుడు సభ ముందు మా విన్నపం. బకాయి నాలుగు కంతులూ మాఫీ చేయమని అడగడం లేదు. అందులో రెండు ఇవాళ తెచ్చాం, కోశాధికారి గారికి ఇచ్చి రసీదు తీసుకున్నాం. మిగతా రెండూ ఉగాదిలోగా కడతాం. మేం అడిగేది వేరు. ఈసారి అప్పు మాకు చిత్రిక మిషను కోసం మంజూరు చేయాలని ప్రతిపాదన తయారైంది. సీసీ గారు మా మంచికే రాశారు. మిషనుకి బిల్లు ఉంటుంది, ఫొటో ఉంటుంది, తనిఖీకి వచ్చినవాళ్ళకి చూపించొచ్చు. కానీ మాకు మిషను తర్వాత కావాలి. ముందు ఒక రేకుల పాక, అందులో ఏడాదికి సరిపడా కలప కావాలి. ఆ అప్పు మీద వడ్డీ మొదటి నెల నుంచే కడతాం. అసలు కంతు మాత్రం పది నెలల తర్వాత మొదలయ్యేలా తీర్మానం చేయండి. ఏడాదంతా ఊరికే పడి ఉండే కలపకి అప్పేమిటని మీలో కొందరికి అనిపించొచ్చు. మాకు కూడా మొదట అలాగే అనిపించింది. అందుకే పదిహేను రోజులకోసారి తూసిన లెక్కలున్న నోటు పుస్తకం తెచ్చాం. పలక బరువు ఏ నెలలో ఎంత తగ్గిందో అందులో ఉంది. దాన్నే మా పాసు పుస్తకం అనుకుని చూడండి. గ్రామ సంఘం నుంచి ప్రతి నెలా ఒకరు వచ్చి ఎదురుగా నిలబడి తూయిస్తే ఇంకా మంచిది. కలప మాయమవలేదని వాళ్ళకీ, ఎండుతోందని మాకూ తెలుస్తుంది.

ఇంకెవరైనా ఇలాంటి పనిలో ఉంటే చేయెత్తండి. తేనె, కొబ్బరి పీచు, చింతపండు నిలవ, ఏదైనా సరే, సరుకు పండడానికి నెలలు పట్టేవి. మా ఒక్కళ్ళకే కాకుండా అందరికీ కలిపి ఒక తీర్మానం రాసుకోవచ్చు.

ఒక మంచం విప్పి తెచ్చి హాలు బయట వేప చెట్టు కింద పెట్టాం. భోజనాలయ్యాక బిగించి చూపిస్తాం. ఎనిమిది ముక్కల కోళ్ళు, పట్టెలు, పందిరి, నాలుగు బోల్టులు, ఒక పానా. గాట్లు చూసి జతలు మీరే కలపండి, పానా మీ చేతికే ఇస్తాం. బిగించాక ఇద్దరు ముగ్గురు ఎక్కి కూర్చోండి. కిర్రుమంటే ఆ సంగతి మినిట్స్‌లో రాయించండి.